ఈస్టర్ ఎప్పుడు? ఒక పండుగ తేదీ కోసం ఆకాశాన్ని కొలిచిన కథ

(గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగానికి రికార్డింగు విని రాసిన పాఠం. రాలేకపోయిన వారి కోసం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అధ్యక్షులకూ, పెద్దలకూ, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న విద్యార్థులకూ నమస్కారం.

నాకిచ్చిన అంశం చాలా పెద్దది. క్రైస్తవ దైవశాస్త్రానికీ తొలినాటి విజ్ఞానశాస్త్రానికీ ఉన్న సంబంధం. ఈ మాట వినగానే మీ మనసులో ఏ బొమ్మ కదిలిందో నాకు తెలుసు. ఒక ముసలాయన మోకాళ్ల మీద ఉంటాడు. ఎదురుగా కార్డినళ్లు. భూమి తిరుగుతోందన్న మాట తప్పేనని ఆయన చేత చెప్పిస్తారు. గెలీలియో, 1633. అవునా, కాదా? ఆ బొమ్మ అబద్ధం కాదు. అది జరిగింది. దాని దగ్గరికి వస్తాను, తప్పించుకోను. కానీ వెయ్యేళ్లకు పైబడిన కథలో ఆ ఒక్క రోజునే పట్టుకుని కథంతా ఇదేనంటే ఎలా ఉంటుంది? పెళ్లి ఆల్బంలో అప్పగింతల ఫోటో ఒక్కటి చూసి, పెళ్లంతా ఏడుపులతోనే జరిగిందని చెప్పినట్టు ఉంటుంది.

ఇంకో రకం వాళ్లున్నారు. అసలు సైన్సు పుట్టిందే చర్చి ఒడిలో అంటారు. వాళ్లది ఇంకో ఫోటో, అక్షింతలు వేస్తున్నప్పటిది. నేను ఆ ఇద్దరి తగవూ తీర్చడానికి రాలేదు. ఒక చిన్న ప్రశ్న పట్టుకుని వచ్చాను. ఈస్టర్ ఎప్పుడు? అంతే. ఈ గంటా దాని గురించే.

మన ఇళ్లలో గోడకు క్యాలెండరు ఉంటుంది. క్రిస్మస్ ఎప్పుడని ఎవరూ వెతకరు. డిసెంబరు 25. మరి ఈస్టర్? వెతకాలి. 2023లో ఏప్రిల్ 9. 2024లో మార్చి 31. 2025లో ఏప్రిల్ 20. ఏడాదికో తేదీ. ఉగాది చేసుకునే వాళ్లకు ఇది వింతగా అనిపించకూడదు. ఉగాది 2023లో మార్చి 22, మరుసటి ఏడు ఏప్రిల్ 9, ఆ తరవాత మార్చి 30. చంద్రుడితో ముడిపెట్టుకున్న ఏ పండుగకైనా ఈ తిప్పలు తప్పవు. ఎప్పుడైనా గమనించారా, ఈస్టర్‌కు కాస్త ముందు పున్నమి ఉంటుంది. 2023లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 6, మూడు రోజులకు ఈస్టర్. 2024లో హోలీ మార్చి 25, ఆ వారాంతంలోనే ఈస్టర్.

ఎందుకంటే క్రీస్తును సిలువ వేసింది యూదుల పస్కా పండుగ రోజుల్లో. పస్కా వసంతకాలపు పున్నమికి వస్తుంది. ఆయన చనిపోయి తిరిగి లేచింది ఆదివారం, దాన్ని తలచుకునే పండుగే ఈస్టర్. కాబట్టి పండుగకు వసంతమూ కావాలి, పున్నమీ కావాలి, ఆదివారమూ కావాలి. 325లో నైసియాలో బిషప్పులు సమావేశమై, లోకంలోని క్రైస్తవులంతా ఒకే రోజు చేసుకోవాలన్నారు. పోనుపోను ఒక సూత్రం స్థిరపడింది. పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు నాడు గానీ, ఆ తరవాత గానీ వచ్చే మొదటి పున్నమిని పట్టుకోండి. ఆ పున్నమి దాటాక వచ్చే మొదటి ఆదివారం ఈస్టర్. విషువత్తును లెక్క కోసం మార్చి 21గా పెట్టుకున్నారు. ఈ మార్చి 21ని గుర్తుపెట్టుకోండి, దీనితోనే గొడవంతా.

చెప్పడానికి రెండు వాక్యాలు. లెక్కకు దిగితే తెలుస్తుంది. సూర్యుడి ఏడాది 365 రోజుల మీద కాస్త. చంద్రుడి నెల 29న్నర రోజుల మీద కాస్త. వారం కచ్చితంగా ఏడు. ఈ మూడూ ఒకదాని మాట ఒకటి వినవు. ముగ్గురు తోడికోడళ్లను ఒకే వంటింట్లో... వద్దులెండి, ముందు వరుసలో అమ్మలు నా వైపు చూస్తున్నారు.

తేదీ తప్పితే ఏమవుతుంది? ఏమవుతుందంటే, ఇంగ్లండు ఉత్తరాన నార్తంబ్రియా అని ఒక రాజ్యం ఉండేది. రాజు ఓస్వియు ఐరిష్ మఠాల లెక్క పాటించేవాడు. రాణి ఈన్‌ఫ్లెడ్ కెంట్‌లో పెరిగింది, ఆమెది రోము లెక్క. దాంతో కొన్ని ఏళ్లు రాజుగారు ఉపవాసాలు ముగించి ఈస్టర్ విందుకు కూర్చునేసరికి, రాణిగారూ ఆమె పరివారమూ ఇంకా మట్టల ఆదివారం దగ్గరే, అంటే ఈస్టర్‌కు వారం ముందే, ఉండేవారు. ఒకే కోటలో ఒక గదిలో మాంసం, పక్క గదిలో ఉపవాసం. రెండు పంచాంగాలు రెండు తేదీలు చెబితే మన ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య ఏమవుతుందో మీకు నేను చెప్పక్కరలేదు. 664లో విట్బీ అనే చోట సభ పెట్టి రెండు పక్షాల వాదన విన్నారు. రోము పక్షం వాళ్లు, స్వర్గం తాళంచెవులు క్రీస్తు శిష్యుడు పేతురు దగ్గర ఉన్నాయి, మాది పేతురు సంప్రదాయం అన్నారు. రాజు ఎదుటి పక్షాన్ని అడిగాడు, తాళంచెవులు ఆయన దగ్గరే ఉన్నాయా అని. ఉన్నాయన్నారు. అయితే నేను వాకిలి కాపలా వాడితో తగవు పెట్టుకోను, రేపు నేను వెళ్లేసరికి తలుపు తీసేవాడు ఉండడు అన్నాడు. సభ అయిపోయింది. రోము లెక్క గెలిచింది.

చూశారా, ఇందులో ఖగోళశాస్త్రం గెలవలేదు. తాళంచెవులు గెలిచాయి. దీన్ని నేను దాచను. కానీ తీర్పు ఎవరిదైనా, ఆ తరవాత ప్రతి ఏడూ లెక్క కట్టాల్సింది మనుషులే. ఎవరో ఒకరు కూర్చుని కట్టాలి.

ఈ సంగతి మనకు చెప్పింది బీడ్ అనే మఠవాసి. జారో మఠంలో ఉండేవాడు. 725లో కాలగణనం మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో మొదటి అధ్యాయమే వేళ్ల మీద లెక్కపెట్టడం ఎలాగని. ఇప్పుడు ఒక పని చేద్దాం. అందరూ ఎడమ చేయి చాపండి. మొహమాటపడకండి, చాపండి. బొటనవేలికి ఎన్ని కణుపులు? రెండు. మిగతా నాలుగు వేళ్లకు మూడేసి, పన్నెండు. మొత్తం 14. గోళ్లు అయిదు. కలిపితే? 19. సరే, ఇప్పుడు రెండు చేతులూ. గోళ్లు వదిలేయండి, కణుపులు మాత్రమే. 14, 14... 28.

ఈ రెండు అంకెలే బీడ్‌కు కావాలి. 28 ఎందుకంటే వారానికి ఏడు రోజులు, లీపు సంవత్సరం నాలుగేళ్లకు ఒకసారి, ఏడు నాలుగులు 28. ఆ కాలపు క్యాలెండరులో 28 ఏళ్లకు ఒకసారి తేదీలూ వారాలూ తిరిగి మొదటి స్థానానికి వస్తాయి. మరి 19? ఇది మనది కూడా. 19 ఏళ్లలో చంద్రుడి నెలలు 235 పడతాయి. పన్నెండు చొప్పున 19 ఏళ్లకు 228. ఎన్ని మిగిలాయి? ఏడు. ఆ ఏడే మన అధిక మాసాలు. 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు వస్తాయని సిద్ధాంతి గారిని అడిగితే చెబుతారు. అదే చక్రాన్ని చలిదేశపు మఠంలో బీడ్ తన ఎడమచేతి కణుపుల మీదా గోళ్ల మీదా పరిచి పెట్టుకున్నాడు. కాగితం లేదు, తోలు ఖరీదు, చేయి మాత్రం ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. జపం చేసేటప్పుడు మన పెద్దవాళ్ల బొటనవేలు కణుపుల మీద ఎలా నడుస్తుందో, ఇదీ అలాగే.

అదే పుస్తకంలో ఆయన ఇంకో మాట రాశాడు. భూమి డాలు లాగా బల్లపరుపు గుండ్రన కాదు, బంతి లాగా గుండ్రన అని. 725లో! మాకు బడిలో చెప్పారు, మధ్యయుగాల్లో చర్చి భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేదనీ, కొలంబస్ పోయి అది తప్పని నిరూపించాడనీ. మీకూ చెప్పే ఉంటారు. 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే అమెరికన్ రచయిత కొలంబస్ జీవితాన్ని నవలలాగా రాశాడు. ఆ కట్టుకథ అంతగా పాకడానికి దానిది పెద్ద చేయి. బీడ్ సముద్రపు పోటుపాట్ల గురించి కూడా రాశాడు. పోటు చంద్రుడి వెంట నడుస్తుందనీ, అయితే ఒకే తీరంలో ఒక్కో రేవుకు ఒక్కో ఆలస్యం ఉంటుందనీ. తీరాన నిలబడి చూసినవాడికి గానీ ఆ రెండో మాట రాయడం కుదరదు.

ఒక్క నిమిషం పక్కదారి పడతాను. దైవశాస్త్రం అంటే పండుగ తేదీ ఒక్కటేనా, అసలు సిద్ధాంతం మాటేమిటని ఎవరో అడగబోతున్నారు. 1277 మార్చి 7న పారిస్ బిషప్ ఎతియెన్ తంపియే 219 వాక్యాలను నిషేధించాడు. అందులో చాలావరకు ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మీద మోజుతో విశ్వవిద్యాలయంలో చెబుతున్నవి. దేవుడు ఒకటికి మించి లోకాలను సృష్టించలేడు అనకూడదు. ఆకాశాన్ని దేవుడు తిన్నగా జరపలేడు, జరిపితే వెనక శూన్యం మిగులుతుంది కనుక, అనకూడదు. ఇది నిషేధమే. మరి దీని ఫలితం? దేవుడు తలచుకుంటే శూన్యం సాధ్యమే అని ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నాక, ఉంటే అందులో రాయి ఎలా పడుతుంది అని ఆలోచించడం ఆపగలరా? ఆధునిక విజ్ఞానానికి ఇదే పుట్టినరోజని ఫ్రెంచి పండితుడు పియేర్ దుయెమ్ అన్నాడు. అది మరీ ఎక్కువ అని నా ఉద్దేశం. కానీ తలుపు మూయబోయి కిటికీ తెరిచారన్నది మాత్రం నిజం. ఆ తరవాతి శతాబ్దంలో నికోల్ ఓరెమ్, ఈయన కూడా బిషప్పే, భూమి తన చుట్టూ తాను తిరుగుతోందనడానికి ఎంత బలమైన వాదనలున్నాయో వరుసగా పేర్చాడు. అన్నీ పేర్చి, చివరికి కీర్తనల గ్రంథంలోని మాట చూపించి, కాదులే, తిరగడం లేదు అన్నాడు. ఆ "కాదులే" అనడానికి ముందు పేజీలు చదవాలి. మనసు ఎటు మొగ్గిందో అక్కడ ఉంది.

సరే, తేదీ దగ్గరికి వద్దాం. మార్చి 21.

జూలియస్ సీజర్ క్యాలెండరు ఏడాదికి 365 రోజుల ఆరు గంటలని పెట్టుకుంది. అసలు ఏడాది అంతకన్నా 11 నిమిషాలు తక్కువ. 11 నిమిషాలు అంటే ఎంత? ఒక ఇరానీ చాయ్ తాగే సేపు. ఎవరు పట్టించుకుంటారు? కానీ ఏటా 11 నిమిషాలు చొప్పున, సుమారు 128 ఏళ్లకు ఒక రోజు. 325 నుంచి 1582 దాకా వచ్చేసరికి పది రోజులు. పుస్తకంలో విషువత్తు మార్చి 21. ఆకాశంలో మార్చి 11. పున్నమి ఆ పది రోజుల మధ్యలో పడిందనుకోండి, ఈస్టర్ నెల రోజులు తప్పుతుంది.

ఇక్కడ మన మాట కూడా ఒకటి చెప్పుకోవాలి, నవ్వుకుంటే నవ్వుకోండి. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలం అని సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15. ఇరవై రోజులకు పైగా తేడా. మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుని నడిచేది, ఋతువులను పట్టుకుని కాదు, అందుకని ఇది తప్పు అనడానికి లేదు. కానీ ఒకే రకం జారుడు. వాళ్లు పది రోజులకే గగ్గోలు పెట్టారు.

గగ్గోలు అన్నాను కదా, అది కూడా వెంటనే కాదు. 1267 ప్రాంతంలో రోజర్ బేకన్ అనే ఫ్రాన్సిస్కన్ సభ సన్యాసి పోప్ నాలుగో క్లెమెంటుకు మొరపెట్టుకున్నాడు. అయ్యా, మన క్యాలెండరు తప్పుల తడక, ఇతర మతాల పండితులు చూసి నవ్వుతున్నారు అని. పోప్ మరుసటి ఏడు చనిపోయాడు. ఫైలు అక్కడే ఆగిపోయింది. ప్రభుత్వ కార్యాలయాల్లో పని చేసిన మిత్రులు తల ఊపుతున్నారు, సంతోషం. ఆగిన ఫైలు మళ్లీ కదలడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

మధ్యలో, 1510లలో, రోములో చర్చి పెద్దల సభ జరుగుతున్నప్పుడు క్యాలెండరు దిద్దాలని మళ్లీ ప్రయత్నించారు. పోలండు ఉత్తర తీరాన ఒక కేథడ్రల్‌లో పనిచేసే అధికారి సలహా కూడా అడిగారు. ఆయన పేరు కోపర్నికస్. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెబుతూ 1543లో అచ్చయిన తన పుస్తకాన్ని ఆయన ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? పోప్ మూడో పౌలుకు. అందులో ఈ క్యాలెండరు సంగతి ఆయనే చెప్పాడు. ఏడాది పొడవూ నెల పొడవూ సూర్యచంద్రుల గతులూ సరిగ్గా కొలవలేదు కాబట్టే ఆ రోజు పని తేలలేదు, అప్పటి నుంచీ ఇదే నా ధ్యాస అని. అంటే భూమిని ఆకాశంలోకి విసిరిన పుస్తకం ముందుమాటలో ఈస్టర్ నీడ ఉంది.

చివరికి పోప్ పదమూడో గ్రెగరీ. లెక్క కట్టింది లుయీజీ లిలియో అనే వైద్యుడు, ఇటలీ దక్షిణాన కలాబ్రియా వాడు. లెక్క పూర్తిచేశాడు గానీ అమలు చూడకుండానే పోయాడు. ఆ లెక్కను సమర్థిస్తూ లోకంతో వాదించింది క్లావియుస్ అనే ఫాదర్, జెసూట్లు అనే క్యాథలిక్ సన్యాస సభ వాడు. 1582 అక్టోబరు 4 గురువారం. తెల్లవారితే శుక్రవారం, అక్టోబరు 15. పది రోజులు మాయం. అవీలా తెరేసా అనే పునీతురాలు సరిగ్గా ఆ అక్టోబరు 4 రాత్రి స్పెయిన్‌లో కన్నుమూసింది. మరునాడు, అంటే 15న, ఖననం. నాలుగు వందల ఏళ్లకు మూడు లీపు దినాలు ఎత్తేయడం, 1700, 1800, 1900 లీపు కాదు, 2000 మాత్రం లీపు, ఇదంతా ఆ లెక్కే. మీ ఫోనులో ఉన్న క్యాలెండరు అదే.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వచ్చాం. ఏడాది పొడవు కొలవాలంటే ఏం కావాలి? సూర్యుడు ఫలానా రోజు మధ్యాహ్నం ఎంత ఎత్తున ఉన్నాడో కచ్చితంగా తెలియాలి. దానికి పెద్ద పరికరం కావాలి. ఎంత పెద్దదైతే అంత కచ్చితం. మరి ఆ కాలంలో ఊళ్లో అన్నిటికన్నా పెద్ద కట్టడం ఏది? గట్టి పునాది, ఎత్తయిన కప్పు, లోపల చీకటి, చదునైన రాతినేల? గుడి. చర్చి.

మీలో పెంకుటింట్లో పుట్టి పెరిగిన వాళ్లు ఎంతమంది? మధ్యాహ్నం పెంకు సందులోంచి ఎండ పడి నేల మీద గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది. ఆ వెలుగు గొట్టంలో దుమ్ము తేలుతూ ఉంటుంది. పిల్లలు చేత్తో పట్టుకోబోతారు. పెంకు సందు ఏమైనా గుండ్రంగా ఉంటుందా? ఉండదు, వంకరటింకరగా ఉంటుంది. మరి బిళ్ల గుండ్రంగా ఎందుకుంది? అది సందు ఆకారం కాదు. సూర్యుడి బొమ్మ. పాక్షిక గ్రహణం నాడు చూడండి, ఆ బిళ్లలన్నీ కొడవళ్లవుతాయి.

దాన్నే పెద్ద ఎత్తున చేశారు. ఇగ్నాజియో దాంతి అనే డొమినికన్ సభ సన్యాసి ఫ్లోరెన్సులో సాంత మారియా నొవెల్లా చర్చి ముఖం మీద పరికరాలు బిగించాడు, ఇప్పటికీ ఉన్నాయి. తరవాత బొలోన్యాలో సాన్ పెత్రోనియో చర్చిలో రంధ్రం పెట్టి నేల మీద గీత గీశాడు. ఆ తరవాత చర్చిని పొడిగించబోయి ఆ గోడ పడగొట్టారు. గీత పనికిరాకుండా పోయింది. అప్పుడు 1655లో ముప్ఫై ఏళ్ల ఆచార్యుడు ఒకాయన ముందుకొచ్చాడు. జొవాన్ని దొమెనికో కస్సీని. శనిగ్రహం దగ్గరికి వెళ్లిన అంతరిక్ష నౌకకు పెట్టింది ఈయన పేరే. నేను కొత్త గీత గీస్తాను, ఇంకా పెద్దది, అన్నాడు. స్తంభాలు అడ్డొస్తాయి కదా అన్నారు. రావు, రెండు స్తంభాల మధ్య నుంచి పోతుంది అన్నాడు. పోయింది.

కప్పులో 27 మీటర్ల ఎత్తున రంధ్రం. రంధ్రం వెడల్పు ఎత్తులో వెయ్యో వంతు, అంటే 27 మిల్లీమీటర్లు, మన బొటనవేలు దూరేంత. నేల మీద ఉత్తర దక్షిణాలుగా 67 మీటర్ల గీత. ఎండాకాలం నడిమధ్య సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కనుక మధ్యాహ్నపు బిళ్ల రంధ్రానికి దగ్గరలో, చిన్నదిగా పడుతుంది. చలికాలంలో గీత చివరిదాకా పోయి సాగిలపడుతుంది. విషువత్తు రోజుల్లో ఈ మధ్యాహ్నానికీ మరుసటి మధ్యాహ్నానికీ బిళ్ల 30 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. అంటే వసంతం వచ్చిందా లేదా అన్నది ఇక పుస్తకాన్ని అడగక్కరలేదు. నేల మీద వంగి చూడటమే. పూజ జరుగుతూ ఉంటుంది, పక్కన ఎండ బిళ్ల గీత దాటిపోతూ ఉంటుంది.

ఇంతవరకూ ఈస్టర్ పని. అసలు విశేషం ఇప్పుడు. ఆ బిళ్ల ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పింది. ఎవరూ చర్చి తరఫున అడగని ప్రశ్న.

దానికి ముందు కెప్లర్ అనే జర్మన్ ఖగోళవేత్త గురించి రెండు మాటలు. కెప్లర్ పాస్టరు కావాలని ట్యూబింగెన్‌లో దైవశాస్త్రం చదివాడు. చదువు పూర్తికాకముందే 1594లో గ్రాట్స్ అనే ఊరికి లెక్కల పంతులుగా పంపారు. మొదట బాధపడ్డాడు. మరుసటి ఏడు తన గురువుకు ఉత్తరం రాశాడు, దైవశాస్త్రవేత్తను కావాలనుకుని చాలాకాలం కలతపడ్డాను, ఇప్పుడు చూడండి, ఖగోళశాస్త్రంలో కూడా దేవుడి మహిమ వెల్లడవుతోంది అని. తరవాత అంగారకుడి గతి లెక్క కడుతుంటే ఏళ్ల తరబడి ఆకాశాన్ని కొలిచిన టైకో బ్రాహీ కొలతలకూ తన లెక్కకూ ఎనిమిది కళల తేడా వచ్చింది. ఎనిమిది కళలంటే పున్నమి చంద్రుడి వెడల్పులో సుమారు పావు వంతు. ఇంకెవరైనా అయితే సర్దుకుపోయేవాడు. ఆయన ఏమన్నాడు? దేవుడు దయతో మనకు టైకో అంత శ్రద్ధగల పరిశీలకుణ్ని ఇచ్చాడు, ఆ వరాన్ని కృతజ్ఞతతో అందుకోవాలి, ఈ ఎనిమిది కళలను వదిలేయడానికి వీల్లేదు. వదలలేదు. ఆ మొండితనంతోనే గ్రహాలది గుండ్రటి దారి కాదు, దీర్ఘవృత్తం అని 1609లో ప్రకటించాడు. భక్తి పిల్లవాణ్ని సోమరిని చేస్తుందని అనేవాళ్లు ఈ ఎనిమిది కళల దగ్గర కాసేపు కూర్చోవాలి. అయితే అదే కెప్లర్‌కు, మతసూత్రం ఒకదాని కింద సంతకం పెట్టనన్నందుకు, లింజ్‌లో సొంత లూథరన్ పాస్టరే, చర్చి ఆరాధనలో పంచే ప్రభురాత్రి భోజనం ఇవ్వలేదు. ఇది కూడా చెప్పాలి కదా.

ఇప్పుడు బిళ్ల. సూర్యుడు ఏడాదంతా ఒకే వేగంతో కదలడు. మార్చి విషువత్తు నుంచి సెప్టెంబరు విషువత్తుకు 186 రోజులు, అక్కడి నుంచి తిరిగి మార్చికి 179 రోజులే. అంటే చలికాలంలో తొందర. ఎందుకు? పాతవాళ్ల జవాబు, వేగం నిజంగా మారదు, చలికాలంలో మనకు దగ్గరవుతాడు కనుక వేగంగా కనిపిస్తాడు. దూరంగా పోయే రైలు నెమ్మదిగా, పక్కనుంచి పోయే రైలు వేగంగా కనిపించినట్టు. కెప్లర్ జవాబు, సగం అలా కనిపించడమే, మిగతా సగం నిజంగానే వేగం పెరగడం. ఎవరిది సరి? ఎలా తేల్చాలి? దగ్గరైతే బొమ్మ పెద్దదవుతుంది. పాతవాళ్లది సరైతే చలికాలానికీ వేసవికీ సూర్యబింబం సైజులో ఎక్కువ తేడా రావాలి. కెప్లర్‌ది సరైతే అందులో సగమే రావాలి. కస్సీని గుడి నేల మీద వంగి ఆ బిళ్లను ఏడాది పొడుగునా కొలిచాడు. సగమే వచ్చింది. కెప్లర్ గెలిచాడు.

ఎక్కడ గెలిచాడు? పోప్ ఏలుబడిలోని బొలోన్యాలో. క్యాథలిక్ గుడిలో. ఎప్పుడు? గెలీలియో చేత మోకాళ్ల మీద ఆ మాట చెప్పించిన 22 ఏళ్లకు. కస్సీని తెలివైనవాడు, భూమి తిరుగుతోందని అనలేదు, నిజానికి ఆయన ఆ పక్షం వాడు కూడా కాదు. సూర్యుడు తిరిగినా భూమి తిరిగినా ఈ సగం లెక్క సగం లెక్కే. అదే ఊళ్లో రిచ్చోలి అనే జెసూట్ ఫాదర్ 1651లో పెద్ద గ్రంథం రాసి కోపర్నికస్‌ను కాదన్నాడు. అందులోనే చంద్రుడి పటం వేసి, గుంటలకు పేర్లు పెడుతూ, ఒక మంచి మెరిసే గుంటకు కోపర్నికస్ పేరు, ఇంకోదానికి కెప్లర్ పేరు పెట్టాడు. ఇవాళ్టికీ అవే పేర్లు.

ఇక గెలీలియో. మాటిచ్చాను కాబట్టి. 1616లో రోము అధికారులు భూమి కదులుతోందనడం బైబిలుకు విరుద్ధమన్నారు. బైబిల్లో యెహోషువ అనే నాయకుడు సూర్యుణ్ని గిబియోను అనే ఊరి మీద నిలిచిపొమ్మన్నాడు కదా, కదలనివాణ్ని నిలవమంటారా అన్నది వాదన. గెలీలియో దానికి ముందే జవాబు రాశాడు, బైబిలు మనం స్వర్గానికి ఎలా వెళ్లాలో చెబుతుంది గానీ ఆకాశాలు ఎలా వెళతాయో చెప్పదని. ఆ మాట కూడా ఆయన సొంతం కాదు, ఒక కార్డినల్ అన్నదే. వినలేదు. కోపర్నికస్ పుస్తకాన్ని మాత్రం మొత్తంగా తగలబెట్టలేదు. ఉపయోగపడే పుస్తకం కనుక 1620లో కొన్ని వాక్యాలు దిద్ది వాడుకోవచ్చన్నారు. 1633లో 69 ఏళ్ల మనిషిని బెదిరించి, నమ్మినది తప్పని చెప్పించి, చచ్చేదాకా ఇంట్లోనే కాపలాలో ఉంచారు. దీనికి నేను సాకులు చెప్పను. ఆయన నోరు దురుసు, పోప్‌ను నొప్పించాడు, రుజువులు పూర్తిగా లేవు, ఇవన్నీ నిజాలే. అయినా అది అన్యాయమే.

అయితే మీరు అడగాలి. ఒకే సంస్థ గుడి కప్పుకు రంధ్రం పెట్టనిచ్చి, ఒక మనిషి నోటికి తాళం ఎందుకు వేసింది? రెండు వేర్వేరు బుద్ధులా? నేను చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. రెండూ ఒకే బుద్ధి. ఆకాశం మా పండుగకు సంబంధించిన విషయం, కాబట్టి మాది. మాది కాబట్టి డబ్బు పెడతాం, మనుషులను పెడతాం, గుడి నేల ఇస్తాం. మాది కాబట్టి, అందులో ఏది మార్చాలో మమ్మల్ని అడిగి మార్చాలి. పట్టించుకోనివాడు అడ్డుపడడు కూడా. పొలం నాదన్నవాడే నీళ్లు పెడతాడు, పొలం నాదన్నవాడే కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడతాడు.

చివరగా మన వైపు ఒక చిన్న సంగతి. ఈ లెక్కలు చదువుకున్న జెసూట్లు ఏ దేశం వెళ్లినా మీ పంచాంగం చూపించండి అని అడిగేవారు. బీజింగ్‌లో 1644 నుంచి చక్రవర్తి క్యాలెండరు కచేరీకే పెద్దగా ఉన్నారు. దక్షిణ భారతంలో తెలుగువాళ్ల మధ్య పనిచేసిన ఫ్రెంచి జెసూట్ల మిషన్‌ను కర్ణాటక మిషన్ అనేవారు. అందులో ఫాదర్ ద్యు షాం అనే ఆయన కృష్ణాపురంలో సిద్ధాంతుల దగ్గర గ్రహగణితం నేర్చుకుని, వాళ్ల పట్టికలను 1750 ప్రాంతంలో పారిస్‌కు పంపాడు. నరసాపురం పేరుతో ఇంకో పట్టిక కూడా అక్కడికి చేరింది. బయీ అనే ఫ్రెంచి ఖగోళవేత్త 1787లో భారతీయ ఖగోళశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఈ రెండు పట్టికలనూ పట్టుకుని పేజీలకు పేజీలు తర్కించాడు. నేను తరచూ ఊహించుకుంటాను, ఇది వట్టి ఊహే, ఒక అరుగు మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకాయనకు ఉగాది తేల్చడం వచ్చు, ఇంకొకాయనకు ఈస్టర్ తేల్చడం వచ్చు. ఇద్దరికీ 19 ఏళ్లకు ఏడు అధిక మాసాలని తెలుసు. మతం గురించి మాట్లాడుకుంటే ఎంతసేపు కుదిరేదో గానీ, ఆ ఏడు నెలల దగ్గర మాత్రం ఇద్దరూ తలలు ఊపి ఉంటారు.

అధ్యక్షులు చీటీ పంపారు, రెండోసారి. ఇక ప్రశ్నలు తీసుకుంటాను. వెనక వరుసలో చేయెత్తిన అమ్మాయి, మైకు నీ దగ్గరికి వస్తోంది, అడగమ్మా.